ఇంధన పీడన నియంత్రకం

ఇంధన పీడన నియంత్రకం అనగా పెట్రోలు ఇంజనుకు అందే ఇంధనపు పీడనాన్ని నిర్ణీత స్థాయిలో నిలిపి ఉంచే ఒక చిన్న పరికరం. మెకానిక్ షెడ్లలో దీనిని ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ అని, క్లుప్తంగా రెగ్యులేటర్ అని వ్యవహరిస్తారు. పంపు తోసిన పెట్రోలు ఎక్కువైతే ఇది మిగులును ట్యాంకుకు తిప్పి పంపుతుంది లేదా దారిని కుదిస్తుంది. పరికరం అరచేతిలో ఇమిడేంత చిన్నదే అయినా, దానిని సరిగా బిగించి లీకు కాకుండా చూడడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. పాత వ్యానులలో ఇది మరీ ముఖ్యం. మారుతి ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల క్రింద, ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో వెనుక సీట్ల వెనుక ఉంటుంది. కనుక కారిన పెట్రోలుకు, ప్రయాణీకులకు మధ్య ఒక రేకు మాత్రమే అడ్డు.

ఎందుకు అవసరం

ఇంజెక్టరు ఒక విద్యుత్ కవాటం. అది ఎంతసేపు తెరచి ఉండాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కాని తెరచి ఉన్న ఆ కాలంలో ఎంత పెట్రోలు బయటకు వస్తుందనేది దానికి ఇరువైపులా ఉన్న పీడనాల భేదంపై ఆధారపడుతుంది. ప్రవాహం పీడన భేదపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా పీడన భేదం 20 శాతం పెరిగితే ఇంధనం సుమారు 9.5 శాతం ఎక్కువగా పడుతుంది. పీడన భేదం రెట్టింపైతే ఇంధనం 1.41 రెట్లు అవుతుంది. పీడనం స్థిరంగా లేకపోతే కంప్యూటరు లెక్క తప్పుతుంది. ఇంధనం ఎక్కువైతే నల్లని పొగ, తక్కువైతే ఈడ్చే శక్తి తగ్గడం, ఇంజను వేడెక్కడం జరుగుతాయి.

కార్బురేటరు ఉన్న వాహనంలో కారణం వేరు. కార్బురేటరు గిన్నెలోని తేలుడు బుడ్డి పైకి లేచి సూది కవాటాన్ని మూస్తుంది. ఆ సూది సాధారణంగా చదరపు అంగుళానికి 2 నుండి 4 పౌండ్ల పీడనాన్ని మాత్రమే ఆపగలదు. అంతకు మించితే గిన్నె పొంగి పెట్రోలు ఇంజను మీద పడుతుంది.

నిర్మాణం

ఇంజెక్షన్ పద్ధతి నియంత్రకం లోహపు డొల్ల. దాని మధ్యలో రబ్బరు పూసిన వస్త్రంతో చేసిన పలుచని పొర ఉంటుంది. దీనిని డయాఫ్రం అంటారు. ఈ పొర డొల్లను రెండు గదులుగా విభజిస్తుంది.

* ఇంధన గది: ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు నుండి ఇంధనం ఇందులోకి వస్తుంది. మధ్యలో తిరుగు గొట్టపు నోరు, దాని మీద చిన్న కవాటం ఉంటాయి.
* స్ప్రింగు గది: ఇందులోని స్ప్రింగు పొరను నెట్టి కవాటాన్ని మూసి ఉంచుతుంది. ఈ గది నుండి ఒక సన్నని రబ్బరు పైపు ఇంజను గాలి పీల్చే మానిఫోల్డుకు కలుస్తుంది. దీనిని వాక్యూం పైపు అంటారు.

నియంత్రకాన్ని ఇంధన పైపుకు రెండు చిన్న బోల్టులతోగాని, క్లిప్పుతోగాని, మరలతోగాని బిగిస్తారు. కలిసే చోట ఓ-రింగు అనే రబ్బరు వలయం ఉంటుంది.

పని చేసే విధానం

స్ప్రింగు బలం 2.5 బార్ (చదరపు అంగుళానికి సుమారు 36 పౌండ్లు) అనుకుందాము. ఇంధన పీడనం అంతకు మించగానే పొర స్ప్రింగును వెనుకకు నెడుతుంది, కవాటం తెరుచుకుంటుంది, మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోతుంది. పీడనం తగ్గగానే కవాటం మూసుకుంటుంది. నడుస్తున్న ఇంజనులో ఈ పొర ఎప్పుడూ ఒక సమతుల్య స్థితిలో తేలుతూ ఉంటుంది.

వాక్యూం పైపు ప్రయోజనాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఇంజను నిలకడగా, భారం లేకుండా తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో పీడనం వాతావరణ పీడనం కంటే సుమారు 0.6 బార్ తక్కువ అనుకుందాము. అదే చూషణ స్ప్రింగు గదిలో కూడా ఉంటుంది కాబట్టి పొర సులభంగా వెనుకకు జరుగుతుంది, గేజి 1.9 బార్ చూపుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు చూషణ దాదాపు పోయి గేజి 2.5 బార్ చూపుతుంది. గేజి అంకె మారినా, ఇంజెక్టరుకు ఇరువైపులా భేదం రెండు సందర్భాలలోనూ 2.5 బార్ మాత్రమే. నియంత్రకం స్థిరంగా ఉంచేది ఈ భేదాన్ని. గేజి అంకె మారుతున్నదని మంచి నియంత్రకాన్ని పారవేయడం, ఈ విషయం తెలియక జరిగే పొరపాటు.

చరిత్ర

విద్యుత్ నియంత్రణ గల పెట్రోలు ఇంజెక్షన్‌ను జర్మనీకి చెందిన బాష్ సంస్థ డి-జెట్రానిక్ పేరుతో 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో ప్రవేశపెట్టింది. తరువాత వచ్చిన ఎల్-జెట్రానిక్ పద్ధతిని అమెరికాలో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ వ్యానులలో 1975 మోడలు నుండి వాడారు. 1950లో జర్మనీలో ఉత్పత్తి మొదలైన ఈ వ్యాను వంశం బ్రెజిల్‌లో 2013 వరకు కొనసాగింది.

భారతదేశంలో సామాన్యునికి అందిన వ్యాను మారుతి ఉద్యోగ్ సంస్థ 1984లో విడుదల చేసిన మారుతి వ్యాను. దీనికే తరువాత ఓమ్ని అని పేరు వచ్చింది. ఇందులోనిది 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను. మొదట కార్బురేటరుతో వచ్చిన ఈ వ్యాను, కాలుష్య నియమాలు బిగిసిన కొద్దీ బహుళ స్థాన ఇంజెక్షన్‌కు మారింది. భారత్ స్టేజ్-2 నియమాలు 2005 ఏప్రిల్ నుండి, స్టేజ్-3 నియమాలు 2010లో, స్టేజ్-4 నియమాలు 2017 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలయ్యాయి. కొత్త భద్రతా నియమాల నేపథ్యంలో ఓమ్ని ఉత్పత్తి 2019లో ఆగిపోయింది. సొంత వాహనాలకు తొలి రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరాలు కనుక, చివరి ఓమ్నిలు ఇంకా చాలాకాలం రోడ్ల మీద కనిపిస్తాయి.

రకాలు

* తిరుగు గొట్టం ఉన్న ఇంజెక్షన్ రకం: పైన వివరించినది. నియంత్రకం ఇంజను మీద, ఇంధన పైపు చివర ఉంటుంది.
* తిరుగు గొట్టం లేని ఇంజెక్షన్ రకం: నియంత్రకం ట్యాంకులోని పంపుతోనే కలిసి ఉంటుంది. దీనికి వాక్యూం పైపు ఉండదు. పీడనం సాధారణంగా 3 నుండి 4 బార్. మానిఫోల్డులోని మార్పును కంప్యూటరే లెక్కలోకి తీసుకుంటుంది.
* కార్బురేటరు రకం: పంపుకు, కార్బురేటరుకు మధ్య అమర్చే అల్పపీడన నియంత్రకం. పాత యాంత్రిక పంపు చెడిపోయి విద్యుత్ పంపు పెట్టుకున్నప్పుడు దీని అవసరం కలుగుతుంది.

ఈ మూడింటినీ ఒకదాని స్థానంలో ఒకటి వాడరాదు. ఒకే పేరుగల వ్యానులో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి రకం మారవచ్చు. అందువలన పాత నియంత్రకం మీది సంఖ్యను, వాహనపు సర్వీసు పుస్తకంలోని పీడనాన్ని సరిపోల్చి కొనాలి.

ముందు జాగ్రత్తలు

పెట్రోలు సుమారు −43 డిగ్రీల సెల్సియస్ వద్దనే మండగల ఆవిరిని ఇస్తుంది. గాలిలో ఈ ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, నిప్పు అంటుకుంటుంది. ఇది గాలి కంటే 3 నుండి 4 రెట్లు బరువైనది కనుక పైకి పోక నేల మీద పాకి, షెడ్డులోని పని గోతిలో నిలుస్తుంది. దూరంగా వెలిగించిన అగ్గిపుల్ల కూడా దానిని అంటించగలదు. కనుక ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి.

# గోతి మీద కాక, గాలి ఆడే ఆరుబయట పని చేయాలి. బీడీ, సిగరెట్టు, పొయ్యి, వెల్డింగు దగ్గరలో ఉండరాదు. పగిలితే నిప్పు పుట్టే ఫిలమెంటు బల్బును వెలుగు కోసం వాడరాదు.
# పొడి రసాయనపు అగ్నిమాపక పరికరాన్ని చేతికి అందేలా ఉంచుకోవాలి. మండుతున్న పెట్రోలు మీద నీరు పోయరాదు. నీటిపై తేలి మంట వ్యాపిస్తుంది.
# ఇంజను పూర్తిగా చల్లారాలి.
# ఇంజెక్షన్ వ్యానులో ఇంజను ఆపినా పైపులో పీడనం నిలిచే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ఇంజను నడుస్తుండగా పంపు ఫ్యూజును గాని రిలేను గాని తీసివేసి, ఇంజను దానంతటదే ఆగేవరకు వేచి ఉండాలి. పిదప రెండు మూడు సార్లు స్టార్టరు త్రిప్పితే మిగిలిన పీడనం తగ్గుతుంది. ఇంజను వేడెక్కి ఉంటే మళ్ళీ చల్లారనివ్వాలి.
# బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను తీసివేయాలి.
# మొదటి బోల్టు వదులు చేసేటప్పుడు కీలును గుడ్డతో కప్పాలి. కంటికి అద్దాలు పెట్టుకోవాలి.

బిగించే పద్ధతి

# వాక్యూం పైపును తీసి మొదట దాని లోపలి భాగాన్ని వాసన చూడాలి. పెట్రోలు వాసన గాని తడి గాని ఉంటే పొర చినిగిందని గుర్తు.
# తిరుగు గొట్టపు క్లిప్పును వదులు చేసి గొట్టాన్ని మెల్లగా త్రిప్పుతూ లాగాలి. గట్టిపడిన గొట్టాన్ని బలవంతంగా లాగడం కంటే కోసి కొత్తది వేయడం మేలు.
# బోల్టులు విప్పి నియంత్రకాన్ని నిటారుగా లాగాలి. పాత ఓ-రింగు గూటిలోనే అంటుకుని ఉండిపోవచ్చు. అది ఉండగా కొత్తది పెడితే తప్పక లీకవుతుంది.
# గూటిని నూలు పోగులు రాని గుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో గాని స్క్రూడ్రైవరుతో గాని గీకరాదు. ఒక్క గీత చాలు పెట్రోలు దారి చేసుకోవడానికి.
# కొత్త ఓ-రింగుకు శుభ్రమైన ఇంజను ఆయిలును ఒక చుక్క రాసి, మెలి పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. ఆయిలు లేకుండా తోస్తే వలయం అంచు కోసుకుపోతుంది.
# నియంత్రకాన్ని చేతితో నిటారుగా తోసి, అడుగు వరకు కూర్చున్న తరువాతనే బోల్టులు ఎక్కించాలి. బోల్టుతో లోపలికి లాగరాదు.
# రెండు బోల్టులను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. 6 మిల్లీమీటర్ల చిన్న బోల్టులకు సాధారణంగా 8 నుండి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. సర్వీసు పుస్తకంలో వేరుగా ఉంటే అదే ప్రమాణం.
# తిరుగు గొట్టం, వాక్యూం పైపు యథాస్థానంలో కలిపి, అవి వేడి భాగాలకు తగలకుండా చూడాలి.

కార్బురేటరు రకం నియంత్రకాన్ని పొగ గొట్టానికి దూరంగా, ఊగని చోట, వాహనపు శరీరానికి బిగించాలి. దానిపై బాణం గుర్తు పెట్రోలు పారే దిక్కును చూపుతుంది. ఇటువంటి నియంత్రకాలలో చాలావాటికి పొర వెనుక గాలి రంధ్రం ఉంటుంది. పొర చినిగిన నాడు పెట్రోలు ఆ రంధ్రం నుండి బయటకు వస్తుంది. అందుచేత ప్రయాణీకులు కూర్చునే గదిలోపల దీనిని ఎన్నడూ అమర్చరాదు.

లీకు కాకుండా మూయడం

ఏ కీలు దేనితో మూసుకుంటుందో తెలియడమే ఇందులో కీలకం. లీకయిన ప్రతి చోట పేస్టు పూయడం పరిష్కారం కాదు.

ఓ-రింగు కీలు. వలయం తన మందంలో సుమారు 15 నుండి 25 శాతం నలిగి, ఆ ఒత్తిడితో గోడకు ఆనుకుంటుంది. పెట్రోలు పీడనం కూడా దానిని గాడి అంచుకు నెట్టి మరింత బిగువు చేస్తుంది. దీనికి పేస్టు గాని టేపు గాని అవసరం లేదు. పూస్తే వలయం కదలక లీకవుతుంది. బోల్టు ఎక్కువ బిగిస్తే వలయం ఎక్కువ నలగదు. లోహపు చెవి మాత్రం వంగిపోతుంది.

కోసు మరలు. చివరకు పోను సన్నబడే ఈ మరలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని మూసుకుంటాయి. వీటికి మాత్రమే పెట్రోలును తట్టుకునే మరల పేస్టు గాని టెఫ్లాన్ టేపు గాని వాడాలి. టేపును మర తిరిగే దిక్కులోనే చుట్టి, మొదటి రెండు మరలను ఖాళీగా వదలాలి. లేకుంటే టేపు తునక తెగి లోపలికి పోయి కార్బురేటరు సూది క్రింద చిక్కుకుంటుంది. అప్పుడు గిన్నె పొంగుతుంది. లీకు ఆపబోయి మరొక లీకును తెచ్చుకున్నట్లే. అల్యూమినియం నియంత్రకంలో కోసు మరను అతిగా బిగిస్తే డొల్ల పగులుతుంది.

వాషరు కీలు. బోలు బోల్టుకు ఇరువైపులా రాగి లేక అల్యూమినియం వాషర్లు ఉంటాయి. మెత్తని లోహం నలిగి మూసుకుంటుంది. ఒకసారి నలిగిన వాషరును తిరిగి వాడరాదు. విచ్చుకున్న మూతిగల పైపుల కీళ్ళకు కూడా టేపు వాడరాదు. అక్కడ మూసేది లోహపు వాలు, మర కాదు.

గొట్టాలు. ఇంజెక్షన్ పీడనానికి తయారైన గొట్టమే వాడాలి. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని దాని మీద ముద్ర ఉంటుంది. కార్బురేటరుకు వాడే సాధారణ గొట్టం బయటకు ఒకేలా కనిపించినా ఎక్కువ పీడనానికి పగలవచ్చు. గొట్టాన్ని కోయని, అంచులు మడిచిన క్లిప్పులు మేలు. కట్టు తీగ వాడరాదు.

సాధారణ సిలికాన్ పేస్టు పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడి ఊడివస్తుంది. పాత తరం మెకానిక్కులు గ్యాస్కెట్లకు పూసే షెల్లాక్ లక్క నుండి తయారైనది. పెట్రోలుకు అది బాగానే నిలిచేది, కాని లక్క ఆల్కహాలులో కరుగుతుంది. నేటి పెట్రోలులో ఆల్కహాలు ఉన్నది కనుక ఒకనాటి మంచి పద్ధతి నేడు పనికిరాదు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును, అనగా ఇ20ని, భారతదేశంలో 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టారు. 2025 నాటికి అది దేశమంతటా వ్యాపించింది. 2019లోనే ఉత్పత్తి ఆగిపోయిన ఓమ్ని దీనిని దృష్టిలో ఉంచుకుని తయారైన వాహనం కాదు. కనుక పాత వ్యానులో ఓ-రింగు మార్చేటప్పుడు రబ్బరు రకం చూడడం అవసరమైనది.

* నైట్రైల్ రబ్బరు: పాత వాహనాలలో సాధారణం. మామూలు పెట్రోలుకు మంచిది. ఇథనాల్ మిశ్రమంలో ఎక్కువగా ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది.
* ఫ్లోరో రబ్బరు: వైటాన్ అనే వ్యాపారనామంతో ప్రసిద్ధం. ఇ20కి, వేడికి తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువైనా ఇదే వాడదగినది.
* ఇపిడిఎం రబ్బరు, సహజ రబ్బరు: బ్రేకు సీళ్ళలోను, నీటి కుళాయి వాషర్లలోను ఉంటాయి. పెట్రోలు తగిలితే ఉబ్బి పాడవుతాయి. ఎన్నడూ వాడరాదు.

ఈ మూడూ నల్లగానే ఉండవచ్చు. రంగును నమ్మక, రకం పేరు ముద్రించిన పొట్లంలోని వలయాన్నే కొనాలి. సైజు కుదిరిందని చిల్లర డబ్బాలో నుండి ఏరి పెట్టిన వలయం మొదటి రోజు లీకు కాదు. కొన్ని వారాల తరువాత, వాహనం నిండా మనుషులు ఉన్నప్పుడు అవుతుంది.

తీర ప్రాంతంలో ప్రత్యేక సమస్యలు

అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురం సముద్రతీర మండలం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మండలంలోని పూడిమడక మత్స్యకారుల గ్రామం. ఇటువంటి తీర గ్రామాలలో తిరిగే వ్యానులకు ఉప్పుగాలి శత్రువు. అల్యూమినియం నియంత్రకం, ఉక్కు బోల్టు కలిసిన చోట ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య విద్యుద్రసాయన చర్య జరిగి అల్యూమినియం తెల్లని పొడిగా మారుతుంది. ఓ-రింగు కూర్చునే గూటి అంచున ఇటువంటి గుంటలు పడితే కొత్త వలయం కూడా ఆగదు. ఆ భాగాన్నే మార్చాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది కనుక, సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిపిన వ్యానులో నీరు అడుగున చేరి నియంత్రకం లోపలి కవాటాన్ని తుప్పు పట్టిస్తుంది.

మండే ద్రవం కారితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై జరిగిన ప్రమాదంలో 50 మందికి పైగా మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి కారి, దాని ఆవిరి మండి 17 మంది మరణించారు. ఈ ద్రావణిని పెట్రోలులో కలపడం కూడా కలదు. వ్యానులోని ఓ-రింగు పరిమాణంలో ఎంతో చిన్నది, కాని కారిన ద్రవం ఆవిరై నిప్పు కోసం వెతుక్కునే తీరు మాత్రం ఒక్కటే.

పరీక్ష

# బ్యాటరీ తీగ, ఫ్యూజు తిరిగి కలిపి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం చెవిని రెండు మూడు సార్లు ఆన్ చేయాలి. ప్రతిసారి పంపు కొన్ని సెకన్లు తిరిగి పైపులో పీడనం నింపుతుంది.
# ప్రతి కీలు చుట్టూ పొడి తెల్ల కాగితం త్రిప్పి చూడాలి. తడి మరక కనిపిస్తే ఇంజను స్టార్టు చేయరాదు. నిప్పు వెలుగుతో చూడడం ప్రాణాంతకం.
# ఇంజను నడుపుతూ గేజి చూడాలి. వాక్యూం పైపు తీసి దాని నోటిని వేలితో మూస్తే పీడనం సుమారు అర బార్ పెరగాలి. పెరగకపోతే పైపు మూసుకుపోయి ఉండవచ్చు లేదా నియంత్రకం పాడై ఉండవచ్చు.
# ఇంజను ఆపి కొన్ని నిమిషాలు గేజిని గమనించాలి. పీడనం త్వరగా పడిపోతే మళ్ళీ పీడనం నింపి, ఇంజను ఆగి ఉండగానే తిరుగు గొట్టాన్ని మెత్తని పట్టుకారుతో నొక్కి చూడాలి. అప్పుడు నిలిస్తే లోపం నియంత్రకపు కవాటానిది. నిలవకపోతే పంపుదో ఇంజెక్టరుదో అయి ఉంటుంది.
# మరునాడు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మరల సుమారు 100 కిలోమీటర్లు నడిచిన తరువాత కాగితపు పరీక్ష చేయాలి. చల్లని రబ్బరు కుంచించుకుంటుంది కనుక కొన్ని లీకులు ఉదయం పూటనే బయటపడతాయి.

లోపాలు, లక్షణాలు

* పొర చినగడం: పెట్రోలు వాక్యూం పైపు గుండా మానిఫోల్డులోకి పోతుంది. నల్లని పొగ, వేడి ఇంజను స్టార్టు కాకపోవడం, మైలేజీ తగ్గడం.
* తిరుగు గొట్టం మూసుకుపోవడం: గేజి అంకె బాగా ఎక్కువగా ఉంటుంది. కొత్త నియంత్రకం వేసినా తగ్గదు.
* స్ప్రింగు బలహీనపడడం: పీడనం తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు ఈడ్చలేకపోవడం. పంపు, ఫిల్టరు లోపాలు కూడా ఇవే లక్షణాలు చూపుతాయి కనుక వాటిని ముందుగా పరీక్షించాలి.
* ఓ-రింగు లీకు: మొదట ఏ లక్షణమూ ఉండదు. ఇంజను చక్కగానే నడుస్తుంది. సీటు క్రింద నుండి వచ్చే పెట్రోలు వాసన మాత్రమే హెచ్చరిక. పాత బండికి వాసన సహజమే అని సరిపెట్టుకోరాదు. వాసన వచ్చిన వెంటనే బండి ఆపి, ఇంజను కట్టివేసి, అందరినీ దింపిన తరువాతనే కారణం వెతకాలి.

ఇవి కూడా చూడండి

* కార్బురేటరు
* పెట్రోలు
* ఇథనాల్
* మారుతి ఓమ్ని
* అచ్యుతాపురం